రాజుగారి గట్టు

మందారగిరి అనే రాజ్యం ఒకటి ఏటి ఒడ్డున ఉండేదట. దాన్ని చండభూపాలుడనే రాజు ఏలేవాడు. మనిషి చెడ్డవాడు కాదు. ప్రజలంటే ప్రేమే. కాని ప్రజల మంచిచెడ్డలు చూడడం తనకు తప్ప లోకంలో ఇంకెవరికీ చేతకాదని, ఆ ప్రజలకు అసలే చేతకాదని ఆయన నమ్మకం. 'మహారాజా' అంటే చాలదు, 'ఏలిన తండ్రీ' అని పిలవాలని కొలువులో కట్టడి కూడా చేశాడు.

ఆ కొలువులో బొప్పన అని ఒక మాటకారి ఉండేవాడు. రాజుకు కోపం వస్తే నవ్వించడం, గర్వం వస్తే గిల్లడం అతని కొలువు. గిల్లినప్పుడల్లా రాజు ముందు ఉరిమేవాడు, ఆనక నవ్వేవాడు.

ఆ రాజ్యంలోనే రేవుపాడు అని ఒక ఊరు. ఊరికీ ఏటికీ నడుమ పెద్ద మట్టిగట్టు. దాన్ని ఏ రాజూ కట్టించలేదు. ఊరివాళ్ళే కట్టుకున్నారు. గట్టులో ఇంటికో వంతు. తొలకరికి ముందే ఎవరి వంతులో వాళ్ళు మట్టి పోసి, దిమ్మిసతో కొట్టి, జారకుండా రెల్లు నాటేవారు. ఎవడైనా బద్ధకించాడా, పక్క వంతువాళ్ళు వాడి గుమ్మం ముందు నిలబడి వీధంతా వినబడేలా కేకలేసేవారు. బొప్పన తన చెల్లెలు ముమ్మక్కను ఆ ఊరి ఎర్రపోతుకే ఇచ్చి చేశాడు.

ఒక వేసవిలో రాజు పల్లకీలో ఆ దారిన పోతూ, ఆడవాళ్ళు మట్టితట్టలు మోస్తుంటే చూశాడు. ఆయన మనసు కలుక్కుమంది.

"నేను బతికుండగా నా బిడ్డలు మట్టి మోయడమా! ఈ పొద్దునుంచి ఈ గట్టు నాది. దీన్ని చూడడానికి ఒక అధికారిని వేస్తున్నాను. ఊరివాళ్ళు దీని మీద చెయ్యి వేయనక్కర్లేదు. వేస్తే శిక్ష!"

జనం జేజేలు కొట్టారు. ఎండలో మట్టి మోసే పని తప్పిందంటే ఎవరికి చేదు?

బొప్పన మాత్రం పల్లకీ పక్కన నడుస్తూ అడిగాడు. "ఏలిన తండ్రీ, ఆ అధికారికి ఈ ఊళ్ళో ఇల్లుందా?"

"ఎందుకు?"

"ఏం లేదు. ఇల్లుంటే వానాకాలంలో నిద్ర పట్టదని."

రాజు పకపకా నవ్వాడు. నవ్వి ఊరుకున్నాడు.

అధికారి వచ్చాడు. గట్టు మీద నీడకు పందిరి వేయించుకున్నాడు. ఒకనాడు ఎర్రపోతు తన పాత వంతులో ఎండ్రకాయ తొలిచిన బొక్క చూసి, అలవాటుకొద్దీ ఇంత బంకమట్టి తెచ్చి కూరాడు. రాజుగారి గట్టును ముట్టుకున్నందుకు అతని వీపున బండ ఎత్తి ఎండలో నిలబెట్టారు. ఆ తరవాత ఊళ్ళో ఎవరూ గట్టు వైపు చూడలేదు. కొన్నాళ్ళకు చూడాలని కూడా ఎవరికీ తోచలేదు. రెల్లు ఎండిపోయింది. పారలు తుప్పు పట్టాయి.

ఆ వానాకాలం ఏరు పొంగింది. పట్టపగలు, ఊరంతా చూస్తుండగా, గట్టు అడుగున చెయ్యి పట్టేంత కంత పడి నీళ్ళు చిమ్మసాగాయి. అధికారికి పని తెలియదు. తెలిసినవాళ్ళకు హక్కు లేదు. ఉత్తర్వు కోసం గుర్రపురౌతు కోటకు పరిగెత్తాడు. కోటలో వీణకచేరీ జరుగుతోంది. ముద్ర పడేసరికి ఆలస్యమైంది. రౌతు తిరిగి వచ్చేసరికి ఉత్తర్వు ఇవ్వడానికి ఊరు లేదు.

కబురు విని బొప్పన పడవ మీద వెళ్ళాడు. ముమ్మక్క మిట్ట మీద, తడిసిన చీరతోనే కూర్చుని ఉంది. ముసలి తల్లిని ఎత్తుకొస్తానని ఇంట్లోకి వెళ్ళిన ఎర్రపోతు మళ్ళీ రాలేదు.

బొప్పన పక్కన చతికిలపడ్డాడు. "ఆ రాజును నేను..." అన్నాడు.

"రాజునొక్కణ్ణే అనకు అన్నా" అంది ముమ్మక్క. ఆమె కంట నీరు లేదు. "మేమంతా అక్కడే నిలబడి ఉన్నాం. ఆ కంత మా కళ్ళముందే పెద్దదైంది. పది తట్టల మట్టి పోస్తే ఆగేది. ఎవరం ఒంగలేదు. బండ ఎత్తుతారన్న భయం కొంత. కాని అన్నా, భయం కూడా కాదు. గట్టు రాజుగారిది కదా, రాజుగారే చూసుకుంటారులే అనుకున్నాం. నేనూ అట్లాగే అనుకుని నిలబడ్డాను."

బొప్పన తిరిగి కొలువుకు వచ్చేసరికి రాజు కూడా దిగులుగానే ఉన్నాడు. రెండు పూటలు అన్నం ముట్టలేదు. కాని ఆ దిగులులోంచి ఇంకో ఆలోచన పుట్టింది.

"తప్పు ఎక్కడ జరిగిందో తెలిసింది" అన్నాడు రాజు. "నా కాపుదల చాలలేదు. ఇకమీదట ప్రతి బావికీ ఒక అధికారి, ప్రతి చేనుకీ ఒక అధికారి. రాజ్యంలో ఎక్కడ నిప్పంటుకున్నా జనం తోచినట్టు ఆర్పరాదు. కంగారులో కీడు చేసుకుంటారు. నిప్పుల అధికారి వచ్చే ఆర్పాలి."

కొలువంతా తలలూపింది. బొప్పన లేచి చేతులు జోడించాడు.

"దివ్యంగా ఉంది ఏలిన తండ్రీ! ఒక్క మనవి. ఇంత మంచి శాసనం ముందు పల్లెలకు పోవడం ఏమిటి? మీ కొలువులోనే మొదలు కావద్దా? తండ్రి నడిచి చూపిస్తేనే కదా బిడ్డలకు నడక వచ్చేది."

రాజు మీసం దువ్వాడు. "ఈ క్షణం నుంచే ఇక్కడ అమలు!"

"ఎవరికైనా?"

"ఎవరికైనా! నాకైనా సరే!"

"అయితే ఈ శుభవేళ ధూపం వెయ్యనివ్వండి" అని బొప్పన సాంబ్రాణి పాత్ర తెచ్చి సింహాసనం చుట్టూ తిప్పాడు. ఎర్రటి నిప్పుకణిక ఒకటి జారిందో, అతనే జార్చాడో, రాజుగారి పట్టు ఉత్తరీయం అంచు మీద పడింది. పొగ లేచింది. మంట నాలిక చాచింది.

రాజు చెయ్యెత్తాడు.

"ఆగండి ఏలిన తండ్రీ!" అని అరిచాడు బొప్పన. "ముందు నిప్పుల అధికారి రావాలి. ఇప్పుడే కబురు పెడుతున్నాం. ఉత్తర్వు రాసి, ముద్ర వేసి..."

"ఉత్తర్వు నీ మొహాన పెట్టుకో!" రాజు ఒక్క గంతులో సింహాసనం దిగి, వట్టి అరచేత్తో మంటను చరిచి, ఉత్తరీయం లాగి నేలకేసి తొక్కాడు. నిప్పారిపోయింది. అరచెయ్యి బొబ్బలెక్కింది.

"అపచారం" అన్నాడు బొప్పన నెమ్మదిగా. "శాసనం దాటారు."

"ఆగాలిట్రా? కాలుతుంటే ఆగాలా? ఇది నా ఒళ్ళు!"

"అవును మహారాజా, మీ ఒళ్ళు. అందుకే మీరు ఆగలేదు. రేవుపాటివాళ్ళు ఆగారు. గట్టు వాళ్ళది కాదన్నారు కదా మీరు."

బొప్పన ఒక అడుగు ముందుకు వేశాడు. "మా బావ ఆ గట్టులో బొక్క పూడిస్తే వీపున బండ ఎత్తారు. అతను ఇప్పుడు లేడు."

రాజు తన అరచేతిని చూసుకున్నాడు. అప్పుడు నవ్వాడు. తను సింహాసనం మీదినుంచి ఎగిరిన గంతు గుర్తొచ్చి మొదలైన నవ్వు అది. సగంలోనే విరిగిపోయింది.

"మరి నేనేం చెయ్యాలిరా?" అన్నాడు. "ఊరికే కూర్చోనా?"

"చెయ్యడానికి బోలెడుంది మహారాజా. పొలిమేర కాయండి. దొంగను పట్టండి. ఇద్దరు తగవుపడి వస్తే నిజం ఎటుందో చెప్పండి. ఒక ఊరి చేతికి మించిన పని ఉంటే, అడిగినప్పుడు సాయం పంపండి. వాళ్ళు చేసుకోగలిగింది వాళ్ళకు వదిలెయ్యండి."

"వదిలేస్తే గట్టు తెగదని పూచీ ఇస్తావా?"

"ఇవ్వలేను. ఇంతకుముందూ తెగిన యేళ్ళున్నాయి. కాని తెగినప్పుడు ఊరంతా మట్టితట్టలతో దాని మీదే ఉండేది, చూస్తూ నిలబడేది కాదు."

రాజు మెడలోని పచ్చలహారం తీసి బొప్పన మెడలో వేశాడు. ఇంకేం కావాలో కోరుకోమన్నాడు. ఆ శాసనాలన్నీ రద్దు చెయ్యమన్నాడు బొప్పన. ఆ పొద్దే రద్దయ్యాయి.

ఏరు తగ్గాక బొప్పన ఆ మాట చెప్పడానికి రేవుపాడు వెళ్ళాడు. కూలిన గోడల మధ్య జనాన్ని పోగుచేసి, "గట్టు మళ్ళీ మీదే" అన్నాడు. జేజేలు కొడతారనుకున్నాడు. ఎవరూ కొట్టలేదు.

ఒకడు అడిగాడు. "అయితే మట్టి ఎవరు పోయిస్తారు?"

"మీరే."

"మొదలెట్టమని చెప్పేవాళ్ళు ఎవరైనా వస్తారా?"

బొప్పన రాజును ఒక నిప్పుకణికతో గెలిచాడు. ఈ అడిగినవాడిని దేనితో గెలవాలో అతనికి తెలియలేదు. జనం ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుని, ఎక్కడివాళ్ళక్కడ విడిపోయారు.

ముమ్మక్క లేచి పైట బిగించింది. తట్ట తీసుకుని, ఎర్రపోతు వంతు ఎక్కడ ఉండేదో గుర్తుపట్టి, అక్కడ మొదటి మట్టి పోసింది. బొప్పన హారం తీసి మొలలో దోపుకుని పార పట్టాడు. అతనికి పార పట్టడం రాదు. చేతులు కొట్టుకుపోయాయి. ఆ రోజంతా అన్నాచెల్లెళ్ళిద్దరే.

మర్నాడు పక్క వంతు ముసలాయన వచ్చాడు. వచ్చీ రాగానే ముమ్మక్కను, "అంత పొడిమట్టి పోస్తే నిలుస్తుందా? తడిపి కొట్టు!" అని కేకలేశాడు. ఊరు మునిగాక ఆమె మొదటిసారి ఏడ్చింది అప్పుడే.

ఆ యేడు గట్టు పూర్తి కాలేదు. ఆ పైయేటికి అయింది.