బుల్లెమ్మ కట్టిన కంచె

పిండిమిల్లు వెనక గోడౌన్‌లో ఎలుకలకి ఒకటే రూలు. ఏ బస్తా మీద ఎవరి పెంటికలు పడితే ఆ బస్తా వాళ్లది. వాసన తగిలితే పక్కవాళ్లు నోరు మూసుకుని సైడైపోవాల్సిందే.

బుల్లెమ్మ అనే ఎలుకకి బస్తాల గోల లేదు, కొడుకు నూకరాజు గోలే. వాడు తింటూనే ఉంటాడు, ఎముకలు మాత్రం బయటికొస్తున్నాయి. పొట్ట పట్టుకుని మెలికలు తిరుగుతుంటే బుల్లెమ్మ పెద్దమ్మకి కబురు పెట్టింది.

పందికొక్కు పెద్దమ్మ వచ్చి వాణ్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"లోపల బద్దెపురుగు ఉందే. పొట్టిది, దారంలా ఉంటది. వీడి తిండంతా అదే లాగేస్తోంది."

"ఎలా దూరింది పెద్దమ్మా?"

"పిండిపురుగులో కూర్చుని వస్తది. వీడు పిండిపురుగులు తింటాడా?"

"పల్లీల్లా నములుతాడు!"

అంతే, బుల్లెమ్మకి పూనకం. కనపడ్డ పిండిపురుగునల్లా తరిమింది. వాటిల్లో ముసలి పిండిపురుగు పెంటయ్య ఒక్కడే గుమ్మం దగ్గర ఆగాడు.

"అమ్మా బుల్లెమ్మా, ఒక్క మాట..."

"నోర్ముయ్! నా కొడుకు కడుపులో దాన్ని పెట్టింది నువ్వే."

"పెట్టానే అనుకో. మరి నాలోకి ఎక్కణ్నించి వచ్చిందో అడగవా?"

"అడగను. నడువ్ బయటికి!"

ఆమె భయం అక్కడితో ఆగలేదు. నూకరాజు తినే పిండికుప్ప ఇంకెవరూ ముట్టకూడదని చుట్టూ తన పెంటికలే దట్టంగా వేసింది. పైన కూడా కొన్ని చల్లింది. ఈగ కూడా వాలలేదు. అమ్మయ్య అనుకుంది.

నూకరాజు మాత్రం లేవలేకుండా అయిపోయాడు.

బుల్లెమ్మ బయటికి పరిగెత్తి, తూము దగ్గర పెంటయ్యని పట్టుకుంది. "పెంటయ్య మావా! ఒక్క పిండిపురుగుని కూడా రానివ్వలేదు. అయినా అది పెరుగుతోంది, ఎలా?"

"దానికి నేనుంటే సరే, లేకపోయినా పనైపోద్ది. దాని గుడ్లు ఎలుక పెంటికల్లో ఉంటాయి. నేను అవి తిన్నా, అందుకే నాలోకి వచ్చింది. మీరు పెంటిక తగిలిన పిండి తింటే గుడ్డు నేరుగా మీ పొట్టలోనే పగులుద్ది."

"ఎవరి పెంటికా పడనివ్వలేదు మావా! నావి తప్ప..."

బుల్లెమ్మ తన పొట్ట తడుముకుంది.

"నాకేం లేదు కదా? నేను బానే ఉన్నా కదా?"

"గట్టి ఒంట్లో అది చప్పుడు చెయ్యదమ్మా."

బుల్లెమ్మ ఎలా వెనక్కొచ్చిందో ఆమెకే తెలీదు. నూకరాజు మూతి కుప్పలోనే ఉంది.

"ఉమ్మెయ్ రా! ఉమ్మెయ్!"

"ఏంటమ్మా, నువ్వు పెట్టిందేగా," అన్నాడు వాడు నీరసంగా.

వెనకే వచ్చిన పెంటయ్య గొంతు తగ్గించాడు. "శుభ్రమైన మూలకి తీసుకెళ్లు. కానీ లోపలున్నది లోపలే గుడ్లు పెడుద్ది, అవి అక్కడే పగులుతాయి. వాడి ఒళ్లు తిరగబడి దాన్ని గెంటేసేదాకా ఎదురుచూడాల్సిందే."

కొడుకు మూతికంటిన పిండి తుడుద్దామని బుల్లెమ్మ చెయ్యెత్తింది. ఆ చెయ్యి వైపే చూసి, గబుక్కున వెనక్కి లాక్కుంది.

భయపడి కంచె కట్టేవాడు ముందు కంచె దేంతో కడుతున్నాడో చూసుకోవాలి.