ఆగితే పోయే బలం

"ఆగకుండా పనిచేసేవాళ్ళకి ఇనుమును లాగే నా బలంలో సగం వాటా. ఇది దొర మాట."

ఒకప్పుడు అయస్కాంత రాయి నిండు కొలువులో ఇచ్చిన మాట ఇది. అప్పట్లో లోకం మొత్తానికీ లాగే బలం ఆ దొరొక్కడికే ఉండేది. మేకులు, గుండుసూదులు, ఇనుప రజను ఆయన్నే కరుచుకుని ఉండేవి. వాకిట్లో కాపలా కాసే దిక్సూచి ముల్లు మెడ తిప్పకుండా ఆయన వైపే చూసేది. దొర మాత్రం కూర్చున్న చోటునుంచి కదిలి ఎరగడు.

ఆ మాటను కరెంటు పిల్ల నమ్మింది. బ్యాటరీ ఇంట్లోంచి బయలుదేరి, రాగి తీగ వెంట ఊరంతా చుట్టి, దీపాలు వెలిగించి ఇల్లు చేరేది. చేరీ చేరగానే మళ్ళీ పరుగు. అందరూ దీపాన్ని మెచ్చుకునేవాళ్ళే. తన వైపు ఒక్కరైనా తల తిప్పి చూడాలని ఆ పిల్ల ఆశ.

ఒకరోజు రాగి తీగ అత్తను దొర వాకిట్లోకి కూడా సాగమని, వాటా అడగడానికి వెళ్ళింది. దొర కొలువులో ఎవరు ఏది అడగాలన్నా కదలకుండా నిలబడి అడగాలి. సరేనని ముల్లు దాకా రాకముందే తీగలో ఆగింది. ఊళ్ళో దీపాలన్నీ ఆరిపోయాయి.

గోడల మీద చదివిన నినాదాలన్నీ వరసగా వినిపించింది. కష్టం మాది, పీట మీదా అని నిలదీసింది. మా వాటా మాకు కావాలంది.

దొర పొట్ట పట్టుకుని నవ్వాడు. "నీకు చెయ్యుందా, కాలుందా? దేంతో లాగుతావే పిల్లా?"

"మరి మీరిచ్చిన మాట?"

"ఏదో సభలో అన్నాను. సభ అయిపోయింది కదా."

మేకులు కిసకిసలాడాయి. ముల్లుకు జాలేసింది గానీ మెడ తిప్పలేదు.

కరెంటు పిల్లకు ఒళ్ళు మండిపోయింది. నినాదాలు అరుచుకుంటూనే పరుగందుకుంది. తీగ సరిగ్గా ముల్లు మీదుగా పోతోంది. పిల్ల అటు పరిగెత్తిందో లేదో, ముల్లు తల గిరుక్కున పక్కకు తిరిగింది.

"నేను తిప్పలేదు దొరా, అదే తిరిగింది" అని ముల్లు నసిగింది.

ఆ సంబరం చూద్దామని పిల్ల ఆగింది. ముల్లు మళ్ళీ దొర వైపు తిరిగిపోయింది. ఈసారి ఎదురు దిక్కున పరిగెత్తింది. ముల్లు రెండో పక్కకు తిరిగింది. అప్పుడు అర్థమైంది పిల్లకి.

"నిలబడి అడగడమే నా తప్పు. నా బలం నా పరుగులోనే ఉంది. నువ్విచ్చేదేమిటి దొరా?"

ఇనుప రజను ఎగిరి గంతేసి తీగ దగ్గరికి వచ్చింది. పిల్లను కావలించుకుందామంటే ఆ పిల్ల ఆగదాయె. అందుకని తీగ చుట్టూ వలయాలు కట్టి, కోలాటం ఆడేవాళ్ళలా నిలబడింది.

రాగి తీగ అత్తకూ హుషారొచ్చింది. "ఒక్కదానివి అరిస్తే ఎంత దూరం వినిపిస్తుందే?" అంటూ ఓ లావుపాటి మేకుకు చుట్ల మీద చుట్లు చుట్టుకుంది. ప్రతి చుట్టులోనూ అదే పరుగు, అదే బలం. అన్నీ కలిసేసరికి మేకే అయస్కాంతమైపోయింది. గుండుసూదులు దొరను వదిలేసి, ఐక్యత వర్ధిల్లాలంటూ దాని మీద వాలాయి.

అప్పటినుంచే కరెంటు పారే ప్రతి తీగ చుట్టూ అయస్కాంత బలం వలయాలుగా ఉంటుంది. దిక్కు మారితే అదీ మారుతుంది, పరుగాగితే అదీ పోతుంది, చుట్లు పెరిగితే పెరుగుతుంది.

కథ ఇంకా తెగలేదు. ఆ రోజు వెళ్తూ వెళ్తూ కరెంటు పిల్ల రాయికి చెవి ఆనించి విన్నది. లోపల, రాతి అణువణువులోనూ, ఆగని సన్నటి పరుగుల చప్పుడు.

"నీలో నా చెల్లెళ్ళు తిరుగుతున్నారు. వాళ్ళ కష్టంతోనే నువ్వు దొరవయ్యావు. ఔనా, కాదా? సైన్సు దినోత్సవం లోగా, అంటే ఫిబ్రవరి ఇరవై ఎనిమిదో తేదీలోగా, జవాబు చెప్పాలి."