ముగ్గుపిండి మాట సర్కులరులో లేదు

మా పిట్టలంక పోస్టాఫీసులో ఉన్నంత తెలివి జిల్లా మొత్తం గాలించినా దొరకదని చెప్పేవాళ్ళు ముగ్గురు ఉండేవాళ్ళు. ఆ ముగ్గురూ పోస్టాఫీసులోనే ఉండేవాళ్ళు. పోస్టుమాస్టరు బుచ్చికొండ, అతని భార్య అచ్చియ్యమ్మ, ఆవిడ తమ్ముడు నూకరాజు. నూకరాజు ఏరు దాటి అవతలి రేవు నుంచి టపా సంచి మోసుకొచ్చేవాడు.

పైనుంచి వచ్చిన కాగితం మీద ముద్ర ఉందా, ఇక అది దేవుడి మాటే వాళ్ళకి. గోడకి అంటించి, మూడుసార్లు చదివి, ఉన్నది ఉన్నట్టు చేసేవాళ్ళు. ఆఫీసు వేళల్లో పోస్టుమాస్టరు కుర్చీ వదలకూడదని ఒకసారి కాగితం వచ్చింది. అంతే. ఆ రోజు నుంచి బుచ్చికొండ అన్నానికి వెళ్ళినా, దొడ్డివైపు వెళ్ళినా కుర్చీ వీపుకి కట్టుకునే వెళ్ళాడు. వదలొద్దన్నారు, వదల్లేదు. ఇందులో తప్పేముందో చెప్పండని నన్నే అడిగేవాడు. నేనేం చెప్తాను, నా ఖర్మ.

ఓ బుధవారం నాడు కొత్త సర్కులరు వచ్చింది. పట్నాల్లో ఎవరో దుర్మార్గులు రోగాలు పుట్టించే తెల్లపొడి కవర్లలో పెట్టి పోస్టు చేస్తున్నారట. అలాంటి కవరు కనిపిస్తే విప్పకూడదు, ఊపకూడదు, వాసన చూడకూడదు. అది ఉన్న గదిలోకి ఎవరూ వెళ్ళకూడదు. పోలీసులకి ఫోను చెయ్యాలి. పంపినవాళ్ళ ఆనవాళ్ళు రాయాలి. కవరు ముట్టుకున్నవాళ్ళనీ, వాళ్ళు ముట్టుకున్నవాళ్ళనీ ఒకచోట విడిగా ఉంచాలి. బుచ్చికొండ దాన్ని గోడకి అంటించి మూడుసార్లు చదివాడు. మన ఆఫీసుకి తగ్గ పని ఇన్నాళ్ళకి పడిందని ముగ్గురూ మురిసిపోయారు.

మర్నాడు పొద్దున్న నూకరాజు రేవుకి బయల్దేరుతుంటే, కొట్లో ఓ పొట్లం ముగ్గుపిండి తెమ్మంది అక్క. ఒలికిపోకుండా జాగ్రత్తగా తెమ్మంది. ఇతగాడికి టపా సంచి కన్నా జాగ్రత్తయిన చోటు తోచలేదు. అందులోనే దోపుకొచ్చాడు. తీరా ఇంటికొచ్చాక చూస్తే పొట్లం చిరిగి సగమే ఉంది. సగం ఏమైందిరా అంది అక్క. దారిలో పోయిందన్నాడు తమ్ముడు. ఆ మాట అక్కడితో అయిపోయింది.

బుచ్చికొండ సంచి బోర్లించాడు. ఆ రోజు వచ్చింది ఒక్కటే కవరు. దాని మీదంతా తెల్లపొడి.

ఆ కవరు లోవలక్ష్మిది. ఆ పిల్ల నర్సు చదువు చదివి రెండేళ్ళయింది. వాళ్ళమ్మ రెండు పాడిగేదెల్ని అమ్మి చదివించింది. ధర్మాసుపత్రిలో ఉద్యోగం వచ్చిందని, కాగితం పోస్టులో వస్తుందని ముందే కబురొచ్చింది. ఆ కాగితం పట్టుకుని శుక్రవారం సాయంత్రం ఐదులోగా వెళ్ళి చేరాలి. లేకపోతే తర్వాతి పేరుకి ఇచ్చేస్తారు. అందుకని ఆ పిల్ల రోజూ టపా వేళకి కిటికీ దగ్గరే నిలబడేది. కవరు చూసి చెయ్యి చాపింది.

బుచ్చికొండ ఇవ్వలేదు. ఇది ముట్టుకుంటే రోగమన్నాడు. లోవలక్ష్మి ఒంగి చూసి, అది ముగ్గుపిండి బాబాయ్ అంది.

"ముగ్గుపిండి మాట సర్కులరులో ఎక్కడుందో చూపించమ్మా," అన్నాడు బుచ్చికొండ. "తెల్లపొడి అని ఉంది. ఇది తెల్లగా ఉందా, పొడిగా ఉందా?"

తెల్లగానే ఉంది, పొడిగానే ఉంది. ఆ పిల్ల ఏమంటుంది పాపం.

ఇంకేముంది, ముగ్గురూ పనిలోకి దిగారు. కవరు బల్ల మీదే వదిలేసి ముక్కులు మూసుకుని బయటికొచ్చి తలుపు దగ్గరగా వేశారు. అప్పుడు గుర్తొచ్చింది, సర్కులరు లోపలి గోడకే ఉందని. ఫోనూ లోపలే. గదిలోకి ఎవరూ వెళ్ళకూడదు కదా! నూకరాజు బావ భుజాలెక్కి కిటికీలోంచి ఒక్కో ముక్కా చదవడం, అచ్చియ్యమ్మ రాసుకోవడం. ఫోను చెయ్యాలన్న ముక్క వచ్చినప్పుడు బుచ్చికొండ కిటికీలోంచి ఫోనుకేసి చాలాసేపు చూశాడు. అదే మోగితే బాగుండునన్నాడు.

తర్వాత పంపినవాళ్ళ ఆనవాళ్ళు. ఎవరు పంపారమ్మా అని లోవలక్ష్మిని అడిగారు. గవర్నమెంటు అంది. అచ్చియ్యమ్మ 'అనుమానితుడు: గవర్నమెంటు' అని రాసుకుంది. మనిషి పొడుగా పొట్టా, మీసం ఉంటుందా, ఏ ఊరు వాళ్ళు అని ఆరా తీసింది. లోవలక్ష్మి తలపట్టుకుంది. 'ఆనవాళ్ళు చెప్పడానికి భయపడుతున్నారు' అని రాసుకుంది అచ్చియ్యమ్మ.

శుక్రవారం పొద్దున్నే జాబితా మొదలైంది. కవరు ముట్టుకున్నది ముగ్గురే. కానీ వాళ్ళు ముట్టుకున్నవాళ్ళు? పడవ నడిపే సింహాద్రిని నూకరాజు పట్టుకుని దిగాడు. పాలావిడ దగ్గర అచ్చియ్యమ్మ చెంబు అందుకుంది. వాళ్ళందర్నీ పిలిచి బడిలో పెట్టాలి. పిలిస్తే ఎవరొస్తారు? అందుకని బుచ్చికొండ ఇంటింటికీ వెళ్ళి, పేరడిగి, చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. చెయ్యి పట్టుకున్నాడు కనక వాళ్ళూ జాబితాలోకి ఎక్కారు. నువ్వు జాబితాలో లేవులే అని చెప్పడానికి నా భుజం తట్టాడు. అంతే, నేనూ ఎక్కాను. ఎదురు తిరుగుదామంటే రోగమాయె, ఎవడికి భయం ఉండదు? ఒంటిగంటకల్లా ఊరు ఊరంతా బడిలో ఉంది.

బుచ్చికొండ లోపలి నుంచే తలుపుకి తాళం వేశాడు. వేశాక, తాళంచెవి మాత్రం ముట్టుకున్నవాళ్ళ దగ్గర ఉండొచ్చా అన్న ధర్మసందేహం వచ్చింది. ఉండకూడదని తీర్మానించి కిటికీలోంచి బయటికి విసిరేశాడు. ఊరందరి నోట ఒకేసారి "ఒరేయ్" అని వచ్చింది.

తాళంచెవి లోవలక్ష్మి కాళ్ళ దగ్గర పడింది. ఊళ్ళో బయట మిగిలింది ఆ పిల్ల ఒక్కత్తే. ముట్టుకోనివ్వలేదు కదా, అందుకని జాబితాలోకి ఎక్కలేదు. తాళంచెవి తీసుకుని, తలుపు తియ్యకుండా, తిన్నగా పోస్టాఫీసులోకి వెళ్ళి కవరు పట్టుకొచ్చింది. అది చూసి బుచ్చికొండ ఊచలు పట్టుకుని అరిచాడు. ముట్టుకున్నావు కనక లోపలికి రావాలన్నాడు. తలుపు తియ్యాలంటే తాళంచెవి ఆ పిల్ల దగ్గరే ఉందని నూకరాజు గుర్తుచేశాడు. బుచ్చికొండ ఆలోచనలో పడ్డాడు.

"బాబాయ్, ఐదు దాటితే ఈ ఉద్యోగం ఇంకొకరిది," అంది లోవలక్ష్మి. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "మా అమ్మ గేదెలు ఊరికే పోతాయి. నాకు రోగమొస్తే నేనే మందేసుకుంటాను. నాకు పడవ కావాలి, సింహాద్రి మావయ్య కావాలి. ఇదిగో, అందరూ చూడండి."

కవరు మీది పొడి అరచేతిలోకి దులుపుకుని, కిటికీ ఎదుట నేల మీద నాలుగు చుక్కలు పెట్టి చిన్న ముగ్గేసింది. అచ్చియ్యమ్మ ఊచల్లోంచి చూసింది.

"ఇది నా పిండే," అంది. "ఇంత సన్నగా జారేది ఆ కొట్టుదే."

అందరూ నూకరాజుకేసి తిరిగారు. పొట్లం ఎందులో పెట్టావురా అంటే సంచిలో అన్నాడు. మరి నిన్నటి నుంచి చెప్పవేంరా అని బావ నిలదీశాడు.

"తెల్లపొడి ఎక్కణ్ణించొచ్చిందని అడిగారు. నాకు తెలీదు," అన్నాడు నూకరాజు. "ముగ్గుపిండి ఎక్కణ్ణించొచ్చిందని ఎవరూ అడగలేదు."

పేరు ముగ్గుపిండి అని తేలింది కనక బుచ్చికొండ దీనికి సర్కులరు వర్తించదని ప్రకటించాడు. లోవలక్ష్మి ఊచల్లోంచి తాళంచెవి అందించి తలుపు తీయించింది. సింహాద్రి ఎవరితోనూ మాట్లాడకుండా రేవుకి పరిగెత్తాడు. పడవ ఎలా తోశాడో ఏమో గానీ, ఆ పిల్ల ఐదుకి పది నిమిషాలుండగా ఆసుపత్రిలో సంతకం పెట్టింది. ఆ కబురు విని వాళ్ళమ్మతో పాటు నేనూ ఏడ్చాను, దాపరికమేముంది.

ఇక్కడితో ఆగితే వాళ్ళు ఆ ముగ్గురూ ఎందుకవుతారు. శనివారం పొద్దున్న బుచ్చికొండకి మనసు పీకింది. పరాయి మనిషి కవరుతో వచ్చింది చీమ తలకాయంత అయినా పోస్టాఫీసు ఉంచుకోకూడదు, మహాపాపం. పిండి అచ్చియ్యమ్మదే అయినా, వచ్చింది లోవలక్ష్మి కవరుతో కదా. అందుకని బల్ల మీదది, సంచిలోది, బడి ముందు ముగ్గుతో సహా ఊడ్చి ఓ లావుపాటి కవర్లోకి ఎత్తారు. ఇంత ఇబ్బంది పెట్టాం పిల్లని, పోనీలే అని అచ్చియ్యమ్మ తన పొట్లంలోంచి ఇంకో రెండు గుప్పిళ్ళు పోసింది. లోవలక్ష్మి, నర్సు, ధర్మాసుపత్రి అని రాశారు. పేరు పెడితే గొప్పలు చెప్పుకున్నట్టుంటుందని పంపినవాళ్ళ పేరు రాయలేదు. అక్కడివాళ్ళు కంగారు పడకూడదు కదా, అందుకని బుచ్చికొండ ఎర్ర సిరాతో పెద్దక్షరాలతో పైన ఓ ముక్క రాశాడు.

'ఇందులో ఉన్నది రోగాలు పుట్టించే తెల్లపొడి కాదు. భయపడకుండా విప్పి, ఊపి, వాసన చూసుకోవచ్చు.'

సోమవారం పదిన్నరకి ఆ కవరు ఆసుపత్రి టపాతో పాటు పెద్ద డాక్టరుగారి బల్ల మీదికి చేరింది. మూల చిరిగి కాస్త పొడి రాలుతోంది. ఆయన పైన రాసింది సగం పైకి చదివి, మిగతా సగం గేటు బయట చదివాడు. ఆయన వెనక చిన్న డాక్టర్లు, వాళ్ళ వెనక నర్సులు, కాంపౌండర్లు. మూడు నెలలుగా మంచం దిగని రోగులు కూడా దిగి, చెప్పులు మర్చిపోకుండా మరీ వెళ్ళారు. వార్డులో గ్లూకోజు సీసా మార్చి వెనక్కి తిరిగేసరికి లోవలక్ష్మికి మంచం మీద మనిషి కనపడలేదు. ఉద్యోగంలో చేరిన నాలుగో రోజుకే ఆసుపత్రి మొత్తం ఆ పిల్ల చేతికి వచ్చింది.