ధవళమ్మ హస్తవాసి

అనగనగా ఒక అడవి. ఆ అడవి మొత్తానికి ఒకటే ధర్మాసుపత్రి. మంచానికి ముగ్గురు రోగులు. మంచం కింద ఇంకో ఇద్దరు. పైవాళ్ళు ఎప్పుడు పోతారా అని కిందవాళ్ళు రోజూ తొంగి చూసేవారు. పాపం, వాళ్ళనేమీ అనకండి పిల్లలూ. నేల చల్లగా ఉంటుంది మరి.

అక్కడ సూదిమందు వేసే నర్సులు ఇద్దరే. ఒకరు ధవళమ్మ అనే కొంగ. ఇంకొకరు ముళ్ళమ్మ అనే ముళ్ళపంది. ధవళమ్మ తన పొడవాటి ముక్కుతో మందు వేసేది. ముళ్ళమ్మ తన ఒంటి మీది ముల్లు ఒకటి పీకి, మందులో ముంచి వేసేది. ఇద్దరిదీ ఒకే మందు, ఒకే జీతం. అయినా ధవళమ్మ ముందు వరస గేటు దాటి వాగు దాకా ఉండేది. ముళ్ళమ్మ ముందు ఈగలు ఉండేవి.

"మేకమ్మా, ఇటు రా! ఇక్కడ ఖాళీయే" అని ముళ్ళమ్మ పిలిచేది.

"వద్దులే సిస్టరమ్మా. ఆవిడ హస్తవాసి మంచిది. ఆలస్యమైనా ఆవిడ చేతే వేయించుకుంటా" అనేది మేక.

ఆ మాట వింటే ముళ్ళమ్మకు కడుపు మండిపోయేది. "నా ఒంటినిండా సూదులే! దానికున్నది ఒక్క ముక్కు. హస్తవాసి అట, అసలు దానికి చేతులేవీ?" అని గొణుక్కునేది.

ధవళమ్మకేమో నీళ్ళు తాగే తీరిక లేదు. రెండు కాళ్ళూ వాచిపోయాయి. అందుకే ఒక కాలికి విశ్రాంతినిచ్చి ఒంటికాలి మీద నిలబడేది. "ముళ్ళక్కా, వీళ్ళలో సగం మందిని నువ్వు చూడవూ?" అని బతిమాలేది. అదీ ముళ్ళమ్మకు ఎత్తిపొడుపులాగే వినిపించేది. కుళ్ళు చెవిలో దూరితే అంతే.

ఒకనాడు ధవళమ్మ సూది వేసిన ముసలి గాడిద చచ్చిపోయింది. అది వచ్చేసరికే సగం పోయింది. ఆ సంగతి ముళ్ళమ్మకూ తెలుసు. నోరు మూసుకుని ఊరుకోవచ్చు కదా? ఊరుకోలేదు. కోతి దగ్గరికి వెళ్ళింది.

"ఎవరికీ చెప్పకు. ధవళమ్మ హస్తవాసి పాడైంది. ఆ ముక్కు తగిలితే ప్రాణం నిలవడం లేదు" అంది.

ఎవరికీ చెప్పకని కోతికి చెప్పింది, చూడండి దాని తెలివి! మధ్యాహ్నానికి వరసంతా ముళ్ళమ్మ వైపు తిరిగింది.

పెద్ద డాక్టరు ఏనుగుగారు ధవళమ్మను శవాల గదికి మార్చారు. "అక్కడైతే నీ మీద ఎవరూ ఫిర్యాదు చెయ్యరమ్మా" అన్నారు.

మొదటి రోజు ముళ్ళమ్మ పొంగిపోయింది. రెండో రోజు ఆ వరసకు సూదులు వేసీ వేసీ నీరసపడింది. మూడో రోజు వార్డులోని విషజ్వరం ఆమెకే అంటుకుంది. ఒక్క సూది పడితే తగ్గే జ్వరమే. కానీ చేతులు వణికి ముల్లు పట్టుకోలేకపోయింది.

కబురు విని ధవళమ్మ పరుగున వచ్చింది. "భయపడకక్కా, ఒక్క క్షణం" అంది.

రోగులంతా అడ్డం నిలబడ్డారు. "మా బంగారు సిస్టరును కూడా చంపుతావా? పో!" అని అరిచారు.

"వెయ్యనివ్వండి! నేను చెప్పింది అబద్ధం! కుళ్ళుతో చెప్పాను!" అని ముళ్ళమ్మ మొత్తుకుంది.

మేక కళ్ళు తుడుచుకుంది. "అయ్యో తల్లీ, జ్వరం తలకెక్కింది. ఏదేదో కలవరిస్తోంది" అంది.

ముళ్ళమ్మ అరిచినకొద్దీ నుదుటి మీద తడిగుడ్డలు వేశారు. ధవళమ్మను బయటికి గెంటేశారు.

పొద్దు వాలకముందే ముళ్ళమ్మ పోయింది. మంచం కిందవాళ్ళు ఏడుస్తూనే మంచం ఎక్కారు.

శవాల గదిలో ధవళమ్మ ఆమె ముళ్ళు సర్ది, దుప్పటి కప్పింది. "ఎంత పని చేశావక్కా! అడిగితే ఆ వరసంతా నీకే ఇచ్చేసేదాన్ని కదా" అని భోరున ఏడ్చింది.

నీతి: అసూయతో ఒకరి మంచిపేరు చెడగొడితే, మనకు ఆపద వచ్చిన రోజున వాళ్ళ మంచి మనకూ అందదు.