అనుమతి కోసం నిలబడిన మెంబరు

మా గురువమ్మ ఏది అడిగినా వెంటనే జవాబు చెప్పదు. ఒలుస్తున్న చింతపండు పక్కన పెట్టి, అడిగినవాళ్ళ మొహం కాసేపు చూస్తుంది. ఆ రోజు అడిగింది కామేశ్వరి.

"అమ్మా, ఎంపీగా ఢిల్లీలో అయిదేళ్ళున్న పుణ్యవతి, ఓడిపోయాక సొంత ఊళ్ళో వార్డు మెంబరుగా నిలబడి గెలిచింది. అంత పైకెళ్ళి ఆవిడ నేర్చుకొచ్చింది ఏమిటి?"

గురువమ్మ ఇలా చెప్పింది.

ఆ ఊరి సర్పంచి సుగుణ. బావగారి ఎదుట మరదలు కుర్చీలో కూర్చోకూడదని వాళ్ళింటి కట్టుబాటు. అందుకని పంచాయతీ మీటింగులో ఆమె కుర్చీలో బావగారు వీర్రాజు కూర్చునేవాడు. ఆమె గోడవారగా నిలబడేది. ఒకనాడు, ఊరంతా తోడుకునే మంచినీళ్ళ బావి స్థలాన్ని రొయ్యల చెరువులవాళ్ళకు ఇవ్వాలని తీర్మానం పెట్టారు. మెంబర్లు ఎనిమిది మంది. అయిదు చేతులు లేస్తే బావి పోయినట్టే.

"చేతులెత్తండి" అన్నాడు వీర్రాజు.

పుణ్యవతి లేచి నిలబడింది. "అధ్యక్షా, ఒక్క మాటకి అనుమతి కావాలి."

"చెప్పండమ్మా, మీకు అడ్డెవరు?" అన్నాడు వీర్రాజు.

"నేనడిగింది సర్పంచిగారిని." ఆమె చూపు గోడవైపే ఉంది.

"ఢిల్లీ వేషాలు మనూళ్ళో ఎందుకు పిన్నీ!" అని ఎవరో నవ్వారు. మూడు చేతులు లేచాయి. పక్కనున్న మెంబరు ఆమె కొంగు లాగింది. "అక్కా, గట్టిగా ఒక్క అరుపు అరువు, అందరూ ఆగుతారు." పుణ్యవతి సుగుణ వైపే చూస్తూ నిలబడింది. నాలుగో చెయ్యి లేచింది. అయిదోవాడు వీర్రాజు వంక చూసి, చెయ్యి భుజం దాకా ఎత్తాడు. సుగుణ పైట కొసను వేలికి చుట్టి బిగిస్తూనే ఉంది.

"చేతులు దించండి" అంది సుగుణ. ఎవరికీ సరిగా వినపడలేదు. మళ్ళీ అంది. "దించండి. మెంబరుగారు మాట్లాడాలి. బావగారూ, మీరు కాస్త లేవండి."

అంతమంది చూస్తుండగా కూర్చోలేక వీర్రాజు లేచాడు. పుణ్యవతి చెప్పాల్సింది రెండు మాటల్లో చెప్పి కూర్చుంది. అయిదో చెయ్యి మరి లేవలేదు.

గురువమ్మ అక్కడ ఆగింది. కామేశ్వరి ఉండబట్టలేకపోయింది.

"ఆ సుగుణ నోరు విప్పకపోతే?"

"బావి పోయేది."

"మరి పుణ్యవతే అరిచి ఆపొచ్చు కదమ్మా!"

"ఆపొచ్చు" అంది గురువమ్మ. "ఆ పూటకి."