గంతలిచ్చే బడి

అడవి అంచున ఓ నువ్వుల గానుగ ఉండేది. గానుగ నక్క షావుకారుది, తిప్పే మెడలు ఎద్దులవి. నూనె షావుకారింటికి, తెలగపిండి ఎద్దుల తొట్టిలోకి. కళ్ళకు గంతలు కట్టుకుని తిరిగే ఎద్దులకు ఏది ఎటు పోతోందో కనపడదు, అడగాలనీ తోచదు.

పుల్లావు కొడుకు గవ్వడికి తోచింది. కొమ్ములైనా రాని దూడ, తిన్నగా నక్క దగ్గరకెళ్ళి, "షావుకారూ, మా అయ్య పొద్దంతా గానుగ తిప్పాడు కదా! ఆయన మెడ మీది పుండుకి చుక్క నూనె లేదేం? మీ తోకేమో నిగనిగలాడుతోందేం?" అని అడిగేశాడు.

నక్క నవ్వేసింది. మర్నాడే దూడలకో బడి పెట్టింది.

"పైసా ఇవ్వక్కర్లేదు. మీ పిల్లలు నా పిల్లలు కారూ?" అంది. పంతులుగా కొంగను కుదిర్చింది. కొంగ జపం సంగతి మీకు తెలిసిందే. "గుండ్రంగా తిరగడమే ధర్మం" అని రోజుకు వందసార్లు వల్లె వేయించేది. "ఎందుకు?" అన్నవాణ్ణి ఒంటికాలి మీద నిలబెట్టేది. నాలుగు కాళ్ళ దూడకి ఆ శిక్ష ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి! ఏడాది చివర ఫస్టొచ్చినవాడికి షావుకారే స్వయంగా పట్టు గంతలు కట్టి, ఆ పూటే గానుగకు పూన్చడం ఆ బడి నియమం.

మూడు నెలలు గడిచాయి. ఓ సాయంత్రం పుల్లావు, "ఆకలేస్తోందా నాన్నా?" అంది.

"పంతులుగారు ఇంకా చెప్పలేదమ్మా," అన్నాడు గవ్వడు.

చదవేస్తే ఉన్న మతి పోయిందంటే ఇదే! పుల్లావు గుండె చెరువైంది. బడి మాన్పిస్తే షావుకారు కోపానికి మొగుడి తొట్టిలో తెలగపిండి ఆగిపోతుంది. ఊరుకుంటే కొడుకు కళ్ళు మూసుకుపోతాయి. నెమరేస్తూ, నెమరేస్తూ ఆలోచించింది.

బడి పండగనాడు అందరి ముందూ లేచి నిలబడింది. "షావుకారుగారూ, ఇంత గొప్ప చదువు మా పిల్లలకేనా? మీ చిట్టిబాబు ఏం పాపం చేసుకున్నాడండీ?"

"వాడికి ఇంట్లోనే చెబుతున్నాం లేవమ్మా."

"అబ్బో! ఏం చెబుతున్నారేంటి?"

తూకంలో తోక ఎలా పెట్టాలో చెబుతున్నామని నలుగురిలో అనగలదా? పంతులు మనవాడేగా, చూసీ చూడనట్టు పోతాడులే అనుకుని నక్క, "రేపట్నించే పంపిస్తా!" అంది. ఎద్దులు రంకెలేశాయి.

కొంగకి ఇంకేం కావాలి? యజమాని బిడ్డ! మెప్పు కొట్టేయాలని రెండు పూటలా దగ్గర కూర్చోబెట్టుకుని మరీ వల్లె వేయించింది. ఏడాది తిరిగేసరికి, తిరుగుతున్న గానుగ పక్కనే అందరి ముందూ, "ఫస్టు, చిట్టిబాబు!" అని చాటింది.

చిట్టిబాబు బుద్ధిగా మెడ చాచి నిలబడ్డాడు. నక్క పట్టు గంతలు వీపు వెనక దాచుకుంది.

"కట్టండి షావుకారూ, శుభమా అని!" అంది పుల్లావు.

"పిల్లాడికి... ఒంట్లో నలతగా ఉందమ్మా."

"లేదు నాన్నా, బానే ఉన్నా. గుండ్రంగా తిరగడమే ధర్మం," అన్నాడు చిట్టిబాబు.

నక్కకి ఒళ్ళు మండిపోయింది. "నోర్ముయ్యరా వెధవా! ఇవి కట్టుకుంటే నూనె ఎటు పోతోందో నీకెలా కనపడుతుందిరా?"

గానుగ టక్కున ఆగింది. గవ్వడి తండ్రి తల విదిలించి గంతలు ఊడగొట్టుకున్నాడు. ఆయన వెనకే మిగతా ఎద్దులూను. ఎన్నేళ్ళకో వెలుగు చూసిన కళ్ళన్నీ షావుకారి తోక మీదే నిలిచాయి.

"అయితే అమ్మా," అన్నాడు గవ్వడు మెల్లగా, "ఆ నూనె ఎటు పోతోందే?"

ఎన్ని నెలలకు అడిగాడు బిడ్డ! పుల్లావు ఏడుస్తూ, నవ్వుతూ వాడి మొహమంతా నాకింది.

ఎద్దుల వాటా నూనె ఎద్దులకు కొలిచాకే గానుగ మళ్ళీ కదిలింది. మెడల మీది పుండ్లు మానాయి. పాపం, చిట్టిబాబే ఇంకో నెల దాకా ఇంట్లో పొయ్యి చుట్టూ గుండ్రంగా తిరిగాడు. నక్క వెనకాలే పరిగెడుతూ బతిమాలుకుంది.

తన బిడ్డకు చెప్పించని చదువు పెరవాళ్ళ బిడ్డలకు చెప్పిస్తే, అది చదువు కాదు, కాడి.