ఓబన్న కూర్చున్న వరస

నాగవరం సంస్థానపు సభలో తొమ్మిదిమంది పెద్దలు. ఐదుగురు దళవాయి పక్షం, నలుగురు ఎదుటి పక్షం. ఎక్కువమంది ఎటుంటే సభాపీఠం అటు. దళవాయి వైపు ఐదుగురిలో ఒకడే అయినా, బావినీళ్లకు పన్ను అన్నప్పుడల్లా కుమ్మరి ఓబన్న ఎదుటివాళ్లతో చెయ్యెత్తేవాడు.

ఒకనాడు దళవాయికి ఒళ్లు మండింది. “మాతో ఉంటూ మాకే అడ్డమా? లేచి ఆ వరసలోకి పో!”

“పోతాను దొరా. అప్పుడు వాళ్లు ఐదుగురు. మీ పీఠం కూడా మోసుకెళ్లమంటారా?”

దళవాయి గొంతు తగ్గించాడు. “మరి ఇక్కడెందుకురా?”

“చెరువు తవ్వించింది మన పక్షమే, అందుకు ఉన్నాను. అక్కడినుంచి వద్దంటే పగవాడి కూత అంటారు. ఇక్కడినుంచి వద్దంటే వినక తప్పదు. పన్ను తెస్తే మళ్లీ చెయ్యెత్తుతాను!”

ఆ పూట పన్ను ప్రతిపాదన రాసిన తాటాకు సభలో విప్పకుండానే లోపలికి పోయింది.